బాయిల్ నుంచి మదనపల్లెకు

చందర్లపాడు, నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ఊళ్లలో ఎన్నికల రోజున బడి ముందు రెండు వరుసలు కడతారు. ఒకటి మగవాళ్లది, ఒకటి ఆడవాళ్లది. మిరపచేలో, పత్తిచేలో ఆ పూట పని మానుకుని వచ్చిన ఆడవాళ్లు చేతిలో స్లిప్పు పట్టుకుని ఎండలో నిలబడతారు. ఇప్పుడు దీన్ని ఎవరూ వింతగా చూడరు. కానీ 1921కి ముందు ఈ రెండో వరుస అనేదే లేదు. అది ఏర్పడడం వెనక ఎందరో మన స్త్రీలున్నారు, ఎన్నో ఏళ్ల పోరాటం ఉంది. ఆ పోరాటం తొలి అడుగుల్లో, సముద్రాలు దాటి మన మదనపల్లెకు వచ్చిన ఒక ఐర్లాండ్ పంతులమ్మ కూడా ఉంది. ఆమె పేరు మార్గరెట్ కజిన్స్. ఈనాటి ప్రసంగం ఆమె గురించి.

ఐర్లాండ్ అంటేనే వలసల దేశం. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి, ఆ తర్వాత వచ్చిన కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు. దాదాపు అంతమందీ దేశం విడిచి ఓడలెక్కారు. ఆ తరంలో దేశం వదిలినవాళ్లలో కొందరు చేరిన దేశాల్లోనే రాజకీయ నాయకులయ్యారు. చార్లెస్ గవాన్ డఫీ ఆస్ట్రేలియాకు వెళ్లి, 1871లో విక్టోరియా వలస రాజ్యానికి ప్రధాని అయ్యాడు. తామస్ డార్సీ మెగీ కెనడా చేరి, ఆ దేశాన్ని ఒక్కటిగా కూర్చిన నాయకుల్లో ఒకడిగా నిలిచి, 1868లో తుపాకి గుండుకు బలయ్యాడు. ఇంగ్లీషు పాలన మీద తిరగబడిన కుర్రవాళ్లే ఇంకో ఖండంలో శాసనసభలు నడిపారు.

ఇండియాకు వచ్చిన ఐరిష్‌వాళ్ల దారి మాత్రం వేరు. ఇక్కడికి ఎక్కువగా సిపాయిలుగా, కలెక్టర్లుగా, పోలీసు అధికారులుగా వచ్చారు. తమ దేశాన్ని అణచిన రాజ్యానికే ఇక్కడ చేతులై పనిచేశారు. ఆ బాట వదిలి పాలితుల పక్కన నిలిచినవాళ్లు తక్కువ. మార్గరెట్ ఆ కొద్దిమందిలో ఒకరు.

మార్గరెట్ గిలెస్పీ 1878 నవంబరు 7న, పశ్చిమ ఐర్లాండ్‌లో రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. పదిహేనుమంది పిల్లల్లో పెద్దది. తండ్రి కోర్టులో గుమాస్తా. ఆ ఊళ్లోనే కనాట్ రేంజర్స్ అనే పటాలానికి బ్యారక్స్ ఉండేవి. ఆ పటాలం సిపాయిలే 1920లో మన జలంధర్‌లో, తమ దేశంలో జరుగుతున్న అణచివేతకు నిరసనగా తుపాకులు దించేశారు. ఆ తిరుగుబాటులో పాల్గొన్న జేమ్స్ డాలీ అనే యువకుణ్ణి ప్రభుత్వం కాల్చి చంపింది. ఐర్లాండ్ గొడవా, ఇండియా గొడవా ఎంత దగ్గరగా పెనవేసుకున్నాయో ఆ ఒక్క సంగతితో తెలుస్తుంది.

మార్గరెట్‌కు సంగీతం అంటే ప్రాణం. స్కాలర్‌షిప్ మీద చదువుకుని, డబ్లిన్‌లో 1902లో సంగీతంలో పట్టా తీసుకుంది. మరుసటి ఏడు జేమ్స్ కజిన్స్ అనే కవిని పెళ్లాడింది. భార్యాభర్తలిద్దరూ శాకాహారులు, ఇద్దరూ దివ్యజ్ఞాన సమాజం వైపు మొగ్గినవాళ్లు, ఇద్దరూ స్త్రీల హక్కుల కోసం నిలబడినవాళ్లు. 1906లో ఆమె మాంచెస్టర్‌లో ఒక స్త్రీల మహాసభకు వెళ్లింది. తిరిగొచ్చాక సంగీతం పాఠాలతో సరిపెట్టుకోలేకపోయింది. 1908లో హానా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐరిష్ స్త్రీల ఓటు హక్కు సంఘాన్ని స్థాపించింది.

ఆ రోజుల్లో ఓటు అడగడమంటే అర్జీ రాసి ఊరుకోవడం కాదు. 1910లో ఆమె డబ్లిన్ నుంచి మరికొందరు స్త్రీలతో లండన్ వెళ్లింది. పార్లమెంటు మీదికి సాగిన ఊరేగింపులో నడిచింది. మంత్రుల ఇళ్ల కిటికీ అద్దాలు పగలగొట్టిన నేరానికి హాలోవే జైలులో ఒక నెల శిక్ష అనుభవించింది. 1913 జనవరిలో, ఐర్లాండ్ స్త్రీలకు ఓటు దక్కలేదన్న కోపంతో, ప్రభుత్వ పీఠమైన డబ్లిన్ కోట కిటికీలనే పగలగొట్టింది. ఈసారి టల్లమూర్ జైలు. తమను దొంగలతో సమానంగా కాక రాజకీయ ఖైదీలుగా చూడాలని అక్కడ నిరాహార దీక్ష పట్టింది. ఇండియాకు వచ్చేనాటికి ఆమె జైలు గోడలు చూసిన మనిషి. ఎవరినో ఉద్ధరిద్దామని వచ్చిన దొరసాని కాదు.

1913లో ఆ దంపతులు డబ్లిన్ విడిచి లివర్‌పూల్ చేరారు. జేమ్స్ అక్కడ శాకాహార పదార్థాలు తయారుచేసే కంపెనీలో పనిచేశాడు. సరిగ్గా ఆ 1913లోనే, బరంపురం నుంచి ఒక తెలుగు యువకుడు లా చదవడానికి డబ్లిన్ వెళ్లాడు. ఆయనే వరాహగిరి వెంకటగిరి. ఐరిష్ తిరుగుబాటుదారులతో స్నేహం కట్టి, 1916లో ఆ దేశం వదిలి రావలసి వచ్చింది. ఇక్కడికి వచ్చి కార్మిక నాయకుడై, 1937లో మద్రాసు రాష్ట్రంలో మంత్రి అయ్యాడు, చివరికి రాష్ట్రపతి అయ్యాడు. ఒక తెలుగువాడు చదువు కోసం డబ్లిన్ చేరిన ఏడే, ఒక డబ్లిన్ స్త్రీ మన వైపు ప్రయాణం మొదలుపెట్టింది.

1915 చివర కజిన్స్ దంపతులు మద్రాసు అడయారు చేరారు. పిలిచింది దివ్యజ్ఞాన సమాజం నాయకురాలు అనీబిసెంట్. లండన్‌లో పుట్టినా ఆమెది ఐరిష్ రక్తమే. ఆమె మన దేశంలో లేవదీసిన హోమ్ రూల్ ఉద్యమానికి పేరు కూడా ఐర్లాండ్ నుంచి తెచ్చుకున్నదే. జేమ్స్ ఆమె నడిపే 'న్యూ ఇండియా' పత్రికలో చేరాడు. 1916లో డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. దాన్ని మెచ్చుకుంటూ జేమ్స్ వ్యాసం రాశాడు. యుద్ధకాలం, ప్రభుత్వం కన్నెర్రజేసే కాలం. అనీబిసెంట్ ఆయన్ని పత్రిక నుంచి తప్పించక తప్పలేదు. ఆ తర్వాత ఆయన్ని అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో తాను స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలకు పంపింది. అలా ఒక ఐరిష్ తిరుగుబాటు పుణ్యమా అని ఆ దంపతులు తెలుగు నేలకు వచ్చారు.

మార్గరెట్ ఆ కాలేజీలో ఇంగ్లీషు చెప్పింది. ఊరి ఆడవాళ్లతో పరిచయం పెంచుకుంది. అక్కడ అబలా అభివర్ధనీ సమాజం అనే స్త్రీల సంఘం ఏర్పడింది. ఇళ్లలోంచి బయటికి వచ్చి నలుగురూ కూర్చుని చదువు గురించీ, ఆరోగ్యం గురించీ, ఊరి సంగతుల గురించీ మాట్లాడుకునే చోటు అది. మార్గరెట్‌కు తర్వాతి పనులన్నిటికీ పునాది ఆ చిన్న సంఘంలోనే పడింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. తెలుగు స్త్రీలకు సంఘం కట్టడం మార్గరెట్ నేర్పిన విద్య కాదు. అంతకు పద్నాలుగేళ్ల ముందే ఆ పని చేసిన స్త్రీ మన నందిగామ ప్రాంతంలో పుట్టింది. మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు. 1874లో అక్కడ జన్మించిన భండారు అచ్చమాంబ, విజ్ఞాన చంద్రికా మండలి నడిపిన కొమర్రాజు లక్ష్మణరావు గారికి అక్క. బడికి పోలేదు. చిన్ననాటే పెళ్లయి, మధ్య పరగణాలకు కాపురానికి వెళ్లి, తమ్ముడి పక్కన కూర్చుని స్వయంగా చదువు నేర్చుకుంది. దేశవిదేశాల స్త్రీల జీవితాలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం స్థాపించింది. ఆ తర్వాత ఊరూరా తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది. ముప్ఫై ఏళ్లకే, 1905లో, కన్నుమూసింది. మార్గరెట్ మదనపల్లెలో అడుగు పెట్టేనాటికి దున్ని, సాలు తోలి ఉంచిన నేల ఇది. ఆమె తెచ్చింది ఇంకో అనుభవం. చిన్నచిన్న సమాజాలను ఒక్క తాటిమీదికి తెచ్చి, ఆ బలంతో ప్రభుత్వాన్ని నిలదీయడం ఆమెకు ఐర్లాండ్‌లో అలవాటైన పని.

1917 మే 8న అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టింది. అనీబిసెంట్, డోరతీ జినరాజదాస, మార్గరెట్, అమ్ము స్వామినాథన్ మొదలైనవారు దాన్ని నిలబెట్టారు. అప్పటిదాకా స్త్రీల సంఘాలు ఎక్కువగా ఒక ఊరివో, ఒక కులానివో, ఒక మతానివో. ఇది అన్ని మతాలకూ, అన్ని ప్రాంతాలకూ తలుపు తెరిచింది. ఆ సంఘం పత్రిక పేరు 'స్త్రీధర్మ'.

ఆ ఏడు చివర, భారత వ్యవహారాల మంత్రి మాంటేగు మన దేశానికి వచ్చాడు. రాబోయే రాజకీయ సంస్కరణల మీద ఎవరేమంటారో విందామని ఊరూరా విన్నపాలు తీసుకుంటున్నాడు. స్త్రీల చదువు, ఆరోగ్యం గురించి తామూ విన్నవించుకుంటామని మార్గరెట్ దరఖాస్తు పంపింది. రాజకీయ విషయాల మీద అయితేనే వింటామని జవాబు వచ్చింది. వేరొకరైతే అక్కడ ఆగిపోయేవారు. ఓటు కోసం రెండుసార్లు జైలుకెళ్లిన మనిషికి అది దారి చూపినట్టయింది. విన్నపంలో ఓటు హక్కును చేర్చింది. మగవాళ్లకు ఏ అర్హతల మీద ఓటిస్తారో, అవే అర్హతల మీద ఆడవాళ్లకూ ఇవ్వాలని, ప్రజలంటే ఆడవాళ్లు కూడానని అందులో కోరారు.

1917 డిసెంబరు 18న మద్రాసులో, మన హైదరాబాదు సరోజినీ నాయుడు ముందు నడవగా, స్త్రీల రాయబారం మాంటేగునూ, వైస్రాయి చెమ్స్‌ఫర్డునూ కలిసింది. మార్గరెట్ అందులో ఉంది. పని కూర్చింది ఆమె, మాట్లాడింది సరోజినీ నాయుడు. మార్గరెట్ రాజకీయం తీరే అది. ఉత్తరాలు రాయడం, మనుషుల్ని కూడగట్టడం, తేదీలు ఖరారు చేయడం తన పని. వేదిక మీద నిలబడి అడగవలసింది మాత్రం ఈ దేశపు స్త్రీ.

అడగ్గానే ఇవ్వలేదు. ఓటు సంగతి తేల్చడానికి వేసిన సౌత్‌బరో కమిటీ, స్త్రీలకు ఓటివ్వడం ఈ దేశపు ఆచారాలకు సరిపడదని తోసిపుచ్చింది. 1919లో సరోజినీ నాయుడు, అనీబిసెంట్, బొంబాయి నుంచి హీరాబాయి టాటా, ఆమె కూతురు మిఠన్ లండన్ దాకా వెళ్లి వాదించారు. చివరికి పార్లమెంటు ఆ బరువును రాష్ట్రాల శాసనసభల మీద పెట్టి చేతులు దులుపుకుంది. ఇవ్వదలచిన రాష్ట్రం ఇచ్చుకోవచ్చునంది.

ఆ 1919 మొదట్లోనే రవీంద్రనాథ టాగూరు మదనపల్లె వచ్చాడు. ఎడతెగని ప్రయాణాలతో అలసి, విశ్రాంతి కోసం కజిన్స్ దంపతుల కాలేజీలో దిగాడు. ఫిబ్రవరి 28న విద్యార్థుల మధ్య కూర్చుని తాను రాసిన 'జనగణమన' పాడాడు. 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెసులో తొలిసారి వినిపించిన పాట అది. పిల్లలు పల్లవి అందుకున్నారు. మార్గరెట్ ఆ బాణీని స్వరాల్లో రాసి పెట్టింది. పాటకు టాగూరు తానే ఇంగ్లీషు చేసి ఆ ప్రతిని అక్కడ ఉంచాడు. జనగణమనకు బాణీ కట్టింది మార్గరెట్ అని కొందరంటారు. బాణీ రవీంద్రుడిదే. దాన్ని కాగితం మీద స్వరబద్ధంగా నిలిపి, పదిమందీ కలిసి పాడే తీరుకు తోడ్పడడం ఆమె చేసిన పని. అదేమీ చిన్న పని కాదు.

ఆ సాయంత్రం గడిచి ఆరువారాలు దాటిన రెండు రోజులకే, ఏప్రిల్ 13న, అమృతసర్‌లో జలియన్‌వాలా బాగ్ జరిగింది. ఆనాడు పంజాబును ఏలుతున్న లెఫ్టినెంట్ గవర్నర్ మైకేల్ ఓడ్వయర్. ఆయనా ఐర్లాండ్‌వాడే, టిప్పరరీ కౌంటీలో పుట్టినవాడు. కాల్పులు జరిపించిన డయ్యర్ చేసింది సరైనదేనని వెనకేసుకొచ్చాడు. ఒకే చిన్న దేశం నుంచి వచ్చిన ఇద్దరు. ఒకరు జనం మీద కాల్పులను సమర్థించారు. ఒకరు ఆ జనం రేపు పాడుకోబోయే పాటకు స్వరాలు రాసుకున్నారు. పుట్టిన ఊరు మనిషి పక్షాన్ని నిర్ణయించదని చెప్పడానికి చరిత్రలో ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకడం కష్టం.

1921 ఏప్రిల్ 1న మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటిచ్చింది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో ఇదే మొదటిది. మన కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పట్లో ఆ రాష్ట్రంలోనివే కాబట్టి తెలుగు స్త్రీకి ఓటు పుట్టినరోజు అదే. బ్రిటన్‌లో ఆనాటికి ముప్ఫై ఏళ్లు నిండిన స్త్రీలకే ఓటు. అక్కడ మగవాళ్లతో సమానమైన హక్కు 1928లో గాని రాలేదు. మద్రాసులో మాత్రం 1921లోనే, మగవాడికి ఏ అర్హతో స్త్రీకీ అదే అర్హత.

కానీ ఆ అర్హత దగ్గరే అసలు చిక్కు. భూమి శిస్తో, పన్నో కట్టేవారికే ఓటు. ఊళ్లో పట్టా ఆడవాళ్ల పేరు మీద ఎక్కడుంటుంది? ఆస్తి చేతికొచ్చిన ఏ వితంతువుకో, పట్నంలో పన్ను కట్టే ఏ ఇల్లాలికో ఓటు దక్కింది. మన మెట్టలో కూలికి వెళ్లి పత్తి తీసే మనిషికి, ఆమె మగడికి కూడా, అందులో చోటు లేదు. మార్గరెట్ కూడగట్టిన సంఘాల్లోనూ ఇంగ్లీషు చదివిన, పై కులాల, పెద్దింటి స్త్రీలే ఎక్కువ. ఈ లోపాన్ని దాచిపెట్టి ఆమె కథ చెప్పడం న్యాయం కాదు. 1935 చట్టంతో ఓటర్ల భార్యలకు, చదువు వచ్చిన స్త్రీలకు కొంత చోటు దొరికింది. అందరికీ ఓటు కోసం స్వతంత్రం దాకా ఆగవలసి వచ్చింది.

ఓటు వచ్చింది, మరి సభలో కూర్చునే హక్కు? అదీ 1926లో వచ్చింది. ఆ ఎన్నికల్లో నిలబడమని మార్గరెట్ ఒక యువతిని పోరుపెట్టి ఒప్పించింది. ఆమె మంగళూరు బిడ్డ కమలాదేవి చట్టోపాధ్యాయ. మంగళూరులో జాతీయ బాలికల పాఠశాలకు తొలి ప్రధానోపాధ్యాయినిగా పనిచేసిన మార్గరెట్‌కు ఆ ఊరు కొత్త కాదు. ప్రచారంలో స్వయంగా తిరిగింది. కమలాదేవి చాలా కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది. కానీ చట్టసభకు పోటీ చేసిన స్త్రీ అన్న మాట దేశమంతా పాకింది. మరుసటి ఏడే డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి నామినేషన్ మీద మద్రాసు మండలిలో ప్రవేశించి, దానికి ఉపాధ్యక్షురాలైంది. దేవదాసీ దురాచారాన్ని తొలగించడానికి ఆమె అక్కడ గట్టిగా పోరాడింది.

మార్గరెట్ చేసిన పనుల్లో పెద్దది అఖిల భారత మహిళా సభ. బెంగాల్ విద్యాశాఖాధికారి ఒకరు కలకత్తా బెథూన్ కాలేజీలో మాట్లాడుతూ, ఆడపిల్లలకు ఎలాంటి చదువు కావాలో స్త్రీలే చెప్పాలన్నాడు. ఆ మాటను మార్గరెట్ వదల్లేదు. దేశమంతటా ఉన్న స్త్రీలకు ఉత్తరాలు రాసింది. ఎక్కడికక్కడ సభలు పెట్టుకుని, తీర్మానాలు చేసుకుని, ప్రతినిధుల్ని పంపమంది. 1927 జనవరిలో పూనాలో ఆ ప్రతినిధులంతా కలిశారు. బరోడా మహారాణి చిమ్నాబాయి అధ్యక్షత వహించింది. చదువు గురించి మొదలైన చర్చ బాల్యవివాహాల మీదికి వెళ్లింది. పన్నెండేళ్లకే కాపురానికి పంపే పిల్లకు చదువు ఎలా చెబుతారని అడిగారు. 1929లో వచ్చిన శారదా చట్టం ఆడపిల్లకు పద్నాలుగేళ్లు నిండాలని నిర్ణయించడం వెనక ఈ సభ ఒత్తిడి ఉంది. 1932లో ఢిల్లీలో లేడీ ఇర్విన్ కాలేజీ తెరవడం కూడా దీని చొరవే.

1920ల మొదట్లో ప్రభుత్వం మార్గరెట్‌ను మెజిస్ట్రేటుగా నియమించింది. మన దేశంలో ఆ పదవిలో కూర్చున్న తొలి స్త్రీ ఆమె. పదేళ్లు తిరిగేసరికి అదే ప్రభుత్వం ఆమెను బోనులో నిలబెట్టింది. శాసనోల్లంఘనం రోజులు. సభల నోరూ పత్రికల నోరూ నొక్కే ఆర్డినెన్సులు వచ్చాయి. వాటిని ఖండిస్తూ మద్రాసులో బహిరంగంగా మాట్లాడినందుకు 1932 డిసెంబరులో అరెస్టు చేసి, ఏడాది శిక్ష వేసి, వెల్లూరు జైలుకు పంపారు. లండన్, టల్లమూర్, వెల్లూరు, మూడు దేశాల్లో మూడు జైళ్లు. అప్పటికి ఆమెకు యాభై నాలుగేళ్లు.

బయటికి వచ్చాక ఆమె తీసుకున్న నిర్ణయం గమనించదగ్గది. 1936లో మహిళా సభ అధ్యక్షురాలిగా ఆమెను ఎన్నుకున్నారు. కానీ పోరాటం ఇక ఈ దేశపు స్త్రీల చేతికి వచ్చిందని, ముందు వరుసలో తన అవసరం తీరిందని ఆమె గ్రహించింది. మెల్లగా పక్కకు జరిగింది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి వచ్చి, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించిన రోజులవి. పెత్తనం చేయడానికి వచ్చినవాళ్లను ఈ దేశం చాలామందిని చూసింది. పని పూర్తయ్యాక తానుగా చోటు విడిచిన పరాయి మనిషిగా మార్గరెట్ మనకు దగ్గరవుతుంది.

1943లో ఆమెకు పక్షవాతం వచ్చింది. సంగీతం వాయించిన చేతులు కదలకుండా పోయాయి. భార్యాభర్తలిద్దరూ కలిసి రాసిన ఆత్మకథ 1950లో వెలువడింది. 1954 మార్చి 11న అడయారులో మార్గరెట్ కన్నుమూసింది. రెండేళ్లకు జేమ్స్ మదనపల్లెలోనే తుదిశ్వాస విడిచాడు. ఇద్దరూ తిరిగి ఐర్లాండ్ వెళ్లి స్థిరపడాలనుకోలేదు.

పోయేలోగా ఆమెకు తాను అడిగినది చూసే అదృష్టం దక్కింది. రాజ్యాంగ సభలో పదిహేనుమంది స్త్రీలు కూర్చున్నారు. వారిలో దుర్గాబాయి ఉంది. 1917లో అడయారులో మార్గరెట్ పక్కన నిలిచి సంఘం కట్టిన అమ్ము స్వామినాథన్ కూడా ఉంది. ఆస్తితో, చదువుతో పని లేకుండా వయసు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఓటని ఆ సభ రాసింది. 1950 జనవరి 24న జనగణమనను జాతీయ గీతంగా స్వీకరించింది.

మదనపల్లె కాలేజీ ఇప్పటికీ ఉంది. అక్కడి పిల్లలకు జనగణమన కథ తెలుసు, ఆ దంపతుల పేరూ తెలుసు. మన వైపు పిల్లలకు మార్గరెట్ కజిన్స్ ఎవరో తెలియదు. అంతకంటే బాధ కలిగించేది, పెనుగంచిప్రోలు తిరునాళ్లకు ఏటా వెళ్లే వేలమందిలో ఎక్కువమందికి ఆ ఊళ్లో పుట్టిన భండారు అచ్చమాంబ పేరు కూడా తెలియకపోవడం. నందిగామ, జగ్గయ్యపేట, చందర్లపాడు హైస్కూళ్లలో పంతుళ్లు, పంతులమ్మలు ఈ ఇద్దరి కథనూ ఒక పీరియడులో కలిపి చెప్పవచ్చు. గ్రామ గ్రంథాలయాలు అచ్చమాంబ పుస్తకాన్ని తెప్పించి ఆడపిల్లలకు అందేలా పెట్టవచ్చు. వచ్చే మార్చి 8న ఏ సభ పెట్టుకున్నా, వక్తల్లో ఒకరికి ఈ విషయం అప్పగించండి.